దూది లేని విల్లు

పోయిన వారం మా అమ్మాయి వాళ్ల వీధిలోకి ఒక ఆటో వచ్చింది. వెనక ఒక మిషను, పైన ఒక మైకు, ఆ మైకులో ఎవరో ఎప్పుడో చెప్పి పెట్టిన మాటలు. పాత పరుపులు, దిండ్లు మీ ఇంటి ముందరే ఏకి కొత్తవాటిలా చేసి ఇవ్వబడును అని చెప్పిందే చెబుతోంది. అనంతపురంలో ఇప్పుడు ఉల్లిగడ్డల నుంచి చీపుర్ల దాకా అన్నీ ఇలా అరుచుకుంటూ వచ్చేవే కాబట్టి ఎవరూ తల తిప్పి చూడరు గానీ, నేను మాత్రం చేతిలోని చాట కింద పెట్టి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. మా అమ్మాయి రెండు పాత పరుపులు మోసుకొచ్చి ఇచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగింది. ఆటో అతను గుడ్డ విప్పి దూదిని మిషనులో పెడితే, ఒక్క మోతతో అవతలి నుంచి తెల్లగా పొంగి వచ్చింది, నేను కాఫీ తాగి గ్లాసు కడిగేలోపల పని అయిపోయింది. విల్లుతో ఏకడం ఎప్పుడైనా చూశావా నాయనా అని అడిగితే, విల్లంటే రాముడి చేతిలో ఉండేదే కదా అవ్వా అన్నాడు. తప్పు అతనిది కాదు, అతను పుట్టేనాటికే మా విల్లులన్నీ అటకలు ఎక్కేశాయి.

నా ఈడు వాళ్లకు మాత్రం గుర్తుండే ఉంటుంది. మనిషి పొడవు కొయ్య, ఈ కొస నుంచి ఆ కొసకు బిగించిన నరం, ఆ నరాన్ని దూది మీద ఆనించి కొయ్యగుండుతో మీటితే టంయ్ టంయ్‌మని మోగుతూ గడ్డకట్టిన దూదిని పింజలు పింజలుగా లేపుతుంది. మాది తాతల నాటి నుంచీ దూది ఏకే ఇల్లు, కణేకల్ అవతల కాలువ నీళ్లు అందని మెట్టపల్లె. పద్నాలుగో ఏట నాకు పెళ్లి చేశారు, పదహారు నిండేసరికి చంకలో ఆడపిల్ల. మా ఇంటాయనకు అప్పటికి పద్దెనిమిది, మీసం సరిగా రాలేదు, ఇవాళైనా వచ్చిందేమోనని రోజూ అద్దంలో చూసుకునేవాడు. అంత చిన్న వయసులో పెళ్లి తప్పని అప్పుడు మాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే పెద్దలు లేరు. ఇప్పుడు ఇంటర్ చదివే మా మనవరాలు చెప్పుల కోసం తమ్ముడితో కొట్లాడుతుంటే చూసి, ఈ వయసుకు నేను ఒక బిడ్డకు పాలిస్తూ బియ్యం గింజలు లెక్క చూసుకునేదాన్ని కదా అనుకుంటాను, నా మీద నాకే జాలి కలుగుతుంది.

పిల్ల పుట్టిన ఏడు వాన పడలేదు. చెనక్కాయ చెట్లు ఊడలు దిగకముందే మాడిపోయాయి. తిండికే లేని ఊళ్లో పరుపు ఏకించుకునేవాళ్లు ఎవరుంటారు? మా మామకు ఇంకా చిన్నపిల్లలే నలుగురు, ఆయన కష్టం ఆయనది. ఒక పొద్దున తన పాత విల్లు తెచ్చి కొడుకు ముందర పెట్టి, గుంతకల్లులో రైలోళ్ల ఇండ్లకు పోతే పని దొరుకుతుంది, పిల్లను కనేది తెలిసినోళ్లకు సాకేది కూడా తెలియాల కదా అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే, రాయి విసిరినట్టు ఉంటుంది.

గుంతకల్లులో పట్టాల అవతల ఒక రేకుల గది బాడుగకు తీసుకున్నాం. పొద్దున్నే ఆయన విల్లు భుజాన వేసుకుని నరం మీటుకుంటూ రైల్వే క్వార్టర్ల మధ్య నడిచేవాడు, ఆ మోతే మా కేక. వెనక నేను, చంకలో పిల్ల, చేతిలో త్రాసు, సూదులు, దారం. ఎవరైనా పిలిస్తే వాళ్ల పెరట్లోనే పాత పరుపు విప్పి పని మొదలుపెట్టేవాళ్లం. ఏకేది ఆయన, దుమ్ము ఊడ్చి, దూది కూరి, కుట్టేది నేను. పాత దూదిలో ఏళ్ల తరబడి చేరిన మట్టి ఏకినప్పుడు రాలిపోయి బరువు తగ్గుతుంది కదా, ఆ తగ్గిన దూది మేము ఎక్కడో దాచామని ఇంటివాళ్లకు అనుమానం. అందుకని ఆ దుమ్మంతా ఒక గోనెసంచిలోకి ఎత్తి, దాన్ని కూడా తూచి వాళ్లకు చూపించాలి, అది మా వృత్తిలో మర్యాద. పక్కనే కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో మా పిల్ల ఉండేది.

దుమ్ము చూపిస్తే అనుమానం తీరేది గానీ దుడ్లు చేతికి వచ్చేవి కావు. ఇద్దరి ముఖాలూ చూసి, పెద్దవాళ్లెవరూ లేరా, మీ నాయనను పంపించు ఇస్తాం అనేవాళ్లు. పిల్లల చేతిలో పెడితే సినిమాకు తగలేస్తారని ఒకావిడ మా మంచి కోరే ఆపింది. ఆమె భయం వట్టిది కాదని ఇప్పుడు ఒప్పుకోవాలి, మొదటి కూలి అందిన రోజు మేము చేసింది అదే మరి, ఆట చూసి, బొరుగులు, మిరపకాయ బజ్జీలు తిని, నాకు రిబ్బను, ఆయనకు దువ్వెన కొనుక్కుని వచ్చి, మరునాడు జొన్నలకు దిక్కులేక నీళ్లు తాగి పడుకున్నాం. ఆ తర్వాత నాకు బుద్ధి వచ్చింది. బాడుగకు ఒక ముడి, జొన్నలకు ఒక ముడి అని పాత గుడ్డలో వేరువేరుగా కట్టి పెట్టేదాన్ని, ఆయనకు దాని చోటు చెప్పేదాన్ని కాదు. ఇక ఇంటివాళ్లు పెద్దోళ్లేరీ అన్నప్పుడల్లా ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తి చూపించి, దీనికి అమ్మనాయనలం మేమేనమ్మా అనేదాన్ని. బిడ్డను చూశాక ఎవరూ కాదనలేక డబ్బులు తెచ్చి ఇచ్చేవాళ్లు. అలా ఎక్కడికి పోయినా పిల్లను తీసుకుపోవడం మాకు అలవాటైంది.

అది కూడా ఏడ్చేది కాదు పాపం. విల్లు మోగితే చాలు, రెప్పలు బరువెక్కి నిద్రపోయేది. మోత ఆగితే లేచి కూర్చునేది. ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదని క్వార్టర్లలో ఆడవాళ్లు ముచ్చటపడితే నేను పొంగిపోయేదాన్ని.

చలికాలం మొదట్లో పిల్లకు దగ్గు పట్టుకుంది. పడిశం అనుకుని తులసాకు రసం పోశాను, వాము కాచి పెట్టాను, దర్గాకు పోయి తాయెత్తు కట్టించాను. పాలు తాగుతూ తాగుతూ ఊపిరి అందక వదిలేసి, పక్కటెముకలు లోపలికి పోయేటట్టు రొప్పుతుంటే భయపడి ఒక డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకుపోయాం. ఆమె నన్ను చూసి, ఈ పిల్ల తల్లి ఎక్కడ అని అడిగింది. నేనే అన్నాను. ఆమె నా జుట్టులో చిక్కుకున్న దూదిపోగు ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. మీరు చేసే పని ఏమిటని అడిగి తెలుసుకుని, ఈ బిడ్డ రొమ్ములో చేరింది ఆ దుమ్మేననీ, దూది ఏకే చోట ఉంచితే బిడ్డ దక్కదనీ నెమ్మదిగానే చెప్పింది.

తూచి, సంచిలో కట్టి, ఇంటింటా చూపించిన దుమ్ము నా బిడ్డ రొమ్ములో కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. గదికి వచ్చాక ఇద్దరం అన్ని విధాలా ఆలోచించాం. ఊళ్లో అత్త దగ్గర వదులుదామంటే పాలు తాగే బిడ్డ. నేను పిల్లతో గదిలో ఉండిపోదామంటే దూది కూరి కుట్టేదెవరు, మీసం రాని పిల్లవాడికి కూలి ఇచ్చేదెవరు? ఆయనకు చేతనైన పని అదొక్కటే, ఏడేళ్ల వయసు నుంచీ అదే. నేను వదిలెయ్యమని అడగలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. తెల్లవారి లేచి చూసేసరికి ఆయన విల్లు నరం సడలించి, గోడకు మేకు కొట్టి తగిలిస్తున్నాడు.

"గూడ్స్ షెడ్డుకు పోతాండా. మూటలు మోసేదానికి మీసం అక్కర్లేదు," అన్నాడు.

హమాలీ పని అంత తేలిక కాదు. వ్యాగన్లు వస్తేనే కూలి, వచ్చినా పాతవాళ్లు మోయగా మిగిలినదే కొత్తవాడికి. భుజం తోలు లేచిపోయి చొక్కా అతుక్కుంటే వేడినీళ్లతో తడిపి తీయాల్సి వచ్చేది. ఈ సంగతి ఊళ్లో తెలిసి మా మామ బస్సెక్కి వచ్చాడు. తమ వంశంలో ఎవరూ విల్లు వదల్లేదనీ, ఆడదాని మాట విని వీడు వదిలాడనీ మండిపడి, ఏకై వచ్చి మేకై కూచుండావే అని నన్ను తిట్టాడు. తండ్రికి ఎన్నడూ ఎదురుచెప్పని మా ఇంటాయన అప్పుడు నోరు తెరిచాడు.

"విల్లుంటే పిల్ల ఉండదంట నాయనా. రెండిట్లో ఏది కావాల్నో నువ్వే చెప్పు."

మామ అన్నం కూడా తినకుండా లేచి పోయాడు. వాకిలి ఊడ్చబోయి చూస్తే గడప పక్కన ఒక సంచిలో జొన్నలు ఉన్నాయి, కరువు ఇంట్లోంచి మోసుకొచ్చిన జొన్నలు.

నేను క్వార్టర్లలో పాత చీరలు అడిగి తెచ్చి, ఉతికి ఆరేసి, దూది లేకుండా పొరల మీద పొరలు పరిచి బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. గుడ్డలోని ముడులకు ఇప్పుడు మందుల ముడి ఒకటి తోడైంది. వ్యాగను రాని రోజుల్లో మిగతా ముడులు విప్పాం గానీ దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

దగ్గు తగ్గుతూ వచ్చింది. పోతూ పోతూ పిల్ల నిద్రను కూడా తీసుకుపోయింది. ఎత్తుకుని తిప్పినా, జోల పాడినా, ఒళ్లో వేసుకుని ఊపినా ఏడుపే. విల్లు మోత కోసమని మాకు తెలుసు, తెలిసీ ఏం చెయ్యాలో తెలియదు. ఒక సాయంత్రం ఆయన షెడ్డు నుంచి వచ్చి స్నానం చేసి, విల్లు దించి తడిగుడ్డతో ఆ కొస నుంచి ఈ కొస దాకా తుడిచాడు. నరం బిగించి, ఊడ్చిన నేల మీద కూర్చుని ఉత్త విల్లు మీటడం మొదలుపెట్టాడు. ముందర ఒక్క పింజ దూది లేదు. పిల్ల ఏడుపు ఆపి చెవి ఒగ్గింది, కాసేపటికి రెప్పలు వాల్చింది. పగలంతా బస్తాలు మోసిన ఆ భుజంతోనే రోజూ దీపాలు పెట్టే వేళకు అలా వాయించేవాడు. రేకుల గదుల్లో అందరికీ నవ్వులాటే. ఏమప్పా, గాలిని ఏకుతాండావా అని పక్కగది అన్న అడిగితే, ఔన్నా, బాగా మెత్తగా వస్తాండాది అనేవాడు. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని గానీ, ఆ నవ్వులో నాకు ఏడుపు కూడా వచ్చేది. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది పెళ్లినాడు కాదు, అదిగో అప్పుడు.

ఆ పిల్లే ఇప్పుడు నేనుండే ఈ ఇంటి యజమానురాలు. ఆస్పత్రికి పోతే ఇద్దరినీ చూసి అక్కాచెల్లెళ్లా అని అడుగుతారు, ఒక విధంగా కలిసి పెరిగినవాళ్లమే మరి. మా ఇంటాయన మళ్లీ దూది ముట్టలేదు, షెడ్డులోనే ముసలివాడయ్యాడు. కాని చిన్నప్పుడు పీల్చిన దుమ్ము ఆయన రొమ్ములో కాచుకుని ఉన్నట్టుంది, పోయిన ఏడు బయటపడింది. వెల్లకిలా పడుకోలేడు, దిండుకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు, రోజుల తరబడి కంటి మీద కునుకు లేదు. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి ఎవరికీ చెప్పకుండా అటక మీది నుంచి విల్లు దించి, దులిపి, ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని మీటింది. దానికి పట్టుకునేది కూడా రాదు. మోత ఒకసారి పలికితే ఒకసారి పలకలేదు. ఆయన కళ్లు తెరిచి చూశాడు.

"నరం సడలిండాది పాపా. బిగించి కొట్టు."

బిగించి కొట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్ర పోలేదని నాకు తెలుసు, దుప్పటి మీద ఆయన వేలు ఆ మోతకు తగ్గట్టు కదులుతూనే ఉంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా మా అమ్మాయి ఆపలేదు. ఆ నెల దాటకుండానే ఆయన పోయాడు.

ఆటో అతనికి మా అమ్మాయి ఫోన్లోనే డబ్బు పంపింది. పెద్దోళ్లేరీ అని అతన్ని ఎవరూ అడగలేదు, అది నాకు సంతోషమే. పిల్లలున్నారా అని అడిగాను, నాలుగు నెలల పాప, ఇంట్లో వాళ్లమ్మ దగ్గర ఉందన్నాడు. ఎప్పుడూ వెంట తీసుకురావద్దు నాయనా అన్నాను. ముసలిదాని చాదస్తం అనుకున్నాడో ఏమో, నవ్వి మైకు పెట్టుకుని పోయాడు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. పద్నాలుగేళ్లకు పెళ్లిళ్లు, దుమ్ము తూచే త్రాసులు ఏ పిల్లకూ వద్దు. అయినా ఒక మోత లోకంలోంచి పోయింది, దాన్ని సరిగ్గా పలికించగలిగినవాడు మా ఇంట్లోంచి పోయాడు. ఆటో పోయాక ఆ మధ్యాహ్నం, ఏకిన పరుపు పరిచి తల్లీకూతుళ్లం పక్కపక్కనే పడుకున్నాం. పరుపు మెత్తగానే ఉంది, మా చేతితో ఎన్నడూ అంత మెత్తగా రాలేదు. చాలాసేపటికి మా అమ్మాయి, నిద్రపోతాండావా అమ్మా అని అడిగింది. లేదు పాపా అన్నాను. నాకూ రాలేదమ్మా అంది.