ధ్రువనక్షత్రానికి కుర్చీ ఎత్తు

మా ఆవిడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. చలికాలం ఆకాశంలో కనిపించే గొల్లకావడి మూడు చుక్కల కింద ఉండే నీహారికను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద సుద్దతో మరకలా గీసి చూపించింది. దాని అసలు రంగును తన చేత్తో ఫొటో తీసి చూడాలని కోరిక. గడువు మాత్రం కొద్దిగానే ఉంది. ఎండలు ముదిరేసరికి గొల్లకావడి పొద్దుగూకగానే పడమటికి దిగిపోతుంది. ఆ తర్వాత వానలు, మబ్బులు. మళ్లీ చలికాలం దాకా ఆగాలి. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి 'వచ్చే ఏడు' అనే మాట ఆమెకు నచ్చడం లేదు.

కెమెరా ఉంది. చుక్కలు కదిలినట్టే కెమెరాను నెమ్మదిగా తిప్పే అరచేతంత మోటారు పెట్టె ఉంది. ఈ రెండింటినీ మోసే స్టాండు కావాలి. అది ఆటోలో పట్టాలి, గాలికి ఊగకూడదు.

ఆ ఎంపిక నేనే మీదేసుకున్నాను. పేపర్లో పనిచేసినన్నాళ్లూ బహిరంగ సభల్లో మా ఫొటోగ్రాఫర్ల పాట్లు చూశాను. ఎవరి స్టాండు ఎత్తయితే వాళ్లదే మొదటి పేజీ. కోఠి కెమెరా దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పొడుగుదాన్ని పట్టుకొచ్చాను. నడిమి గొట్టం పైకి లాగితే నా తలను దాటింది.

మోటారు పెట్టె ఇరుసును ధ్రువనక్షత్రానికి గురిపెట్టాలి. హైదరాబాదులో ఆ చుక్క ఉత్తరాన బాగా కిందికే ఉంటుంది. తార్నాకలో మా డాబా మీది నుంచి చూస్తే ఆ చోట పక్క అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు ఉంది. అందుకని చీకటి పడే వేళకు ఆటోలో యూనివర్సిటీ క్యాంపస్ మైదానానికి వెళ్లాం. స్టాండు నిలబెడుతుంటే వాకింగుకు వచ్చిన ఒకాయన మమ్మల్ని సర్వేవాళ్లమనుకుని ఆగాడు.

"ఏంది సార్, గీడ కూడా రోడ్డు ఏస్తున్రా?"

"లేదన్నా, చుక్కలు కొలుస్తున్నం" అంది మా ఆవిడ.

"పట్టా ఎవరి పేర ఉన్నది మేడం?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మోటారు పెట్టెకున్న గురి చూసే కటకం అంత ఎత్తున ఆమెకు అందలేదు. ఆమె బదులు నేను మునివేళ్ల మీద లేచి చూశాను. ఫొటోల్లో ప్రతి చుక్కకూ తోక మొలిచింది. ఆమె గొట్టాన్ని గోటితో తట్టి, కెమెరా తెర మీద చుక్క ఎంతసేపు ఆడుతోందో చూసింది.

"ఎందుకింత పైకి లేపిండ్రు?"

"ముందు ఎవరూ అడ్డం రాకుండా."

"ఆకాశానికి అడ్డం ఎవరొస్తరు, ఎడిటర్ సాబ్? మంత్రిగారి మీటింగ్ అనుకున్నరా?"

మర్నాడు స్టాండు మార్చడానికి తనే వచ్చింది. దుకాణంలో కుర్చీ అడిగి కూర్చుని, ఒక్కో స్టాండునూ తన కంటి ఎత్తుకు పెట్టించి గోటితో తట్టి చూసింది. యజమాని ఒకటి తీశాడు. "కార్బన్ ఫైబర్ మేడం, వేలితో లేపొచ్చు."

"వేలితో లేసేది గాలికి కూడా లేస్తది" అని, నడిమి గొట్టమే లేని, లావు కాళ్ల పొట్టిదాన్ని తీసుకుంది.

కొత్త చిక్కు ఇంటికొచ్చాక బయటపడింది. పెట్టెను మన ధ్రువనక్షత్రం ఎత్తుకు వంచితే, వంపు సరిచేసే మరమేకు వెళ్లి స్టాండు కాలి మొదట్లో తగులుతోంది. ఆ చుక్క ఇంకా పైన కనిపించే చలిదేశాల కోసం చేసిందేమో మరి. పెట్టెకూ స్టాండుకూ మధ్య అంగుళం మందాన ఏదైనా పెట్టాలి. వంటింట్లోకి వెళ్లి టేకు చపాతీ పీట తెచ్చింది. బౌద్ధనగర్‌లో వడ్రంగి దాని కాళ్లు తీసేసి నడుమ బెజ్జం వేశాడు.

"ఇది ట్రయలే. పని కాకుంటే మళ్ల వంటింట్లకే పోతది" అంది. అప్పటిదాకా స్టీలు కంచం బోర్లించి చపాతీలు ఒత్తుకున్నాం.

తర్వాత వరసగా మబ్బులు పట్టాయి. ఆకాశం తెరిపి ఇచ్చిన సాయంత్రం మళ్లీ మైదానానికి వెళ్లాం. గొల్లకావడి అప్పటికే పడమటి చెట్ల వైపు వాలింది. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ధ్రువనక్షత్రం కిందికే ఉంది కాబట్టి మెడ పెద్దగా ఎత్తనక్కర్లేకుండానే కటకంలో కనిపించింది. మోకాలి కోసం కుదించిన ఎత్తు స్టాండుకు కూడా బలమవుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. కాళ్లు పొట్టిగా, ఎడంగా నేలను పట్టుకున్నాయి. ఈసారి కటకంలో నేను కన్ను పెట్టలేదు. నాకిచ్చిన పని కదలకుండా నిలబడడమే.

ఆమె రిమోట్ నొక్కింది. కెమెరా చాలాసేపు కన్ను తెరుచుకునే ఉంది. తర్వాత తెర వెలిగింది. చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. మూడు చుక్కల కింద పలచని గులాబీ మరక. దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసుకుంది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

కాసేపటికి పీటను అరచేత్తో నిమిరి, "రేపు చపాతీలకు కొత్త పీట పట్టుకరాండ్రి" అంది.