క్లౌడులో ఫైలుకి నందిగామలో వైరు మార్పించాను

ముప్పై దాటీ దాటని ఆ రోజుల్లో, నాకు తెలియనిది కూడా లోకంలో ఏదైనా ఉంటుందేమోనన్న అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు. ఎంసీఏలో కాలేజీ ఫస్టు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. బస్సు కండక్టరు దగ్గర నుంచి మా మామగారి దాకా నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. (మామగారు నెగ్గేవారేమో గానీ, వాదన మధ్యలో లేచి స్నానానికి వెళ్ళిపోయేవారు.) నందిగామలో సాఫ్ట్‌వేరేంటని నవ్విన బంధువులందరికీ విడివిడిగా సమాధానం చెప్పి, మళ్ళీ మా గడప తొక్కకుండా చేసుకున్నాను కూడా.

మా ఆఫీసు ఎరువుల కొట్టు పైన ఒక గది, అందులో ఇద్దరం ఆడవాళ్ళం. రెండో ఆవిడ వీరులపాడు నుంచి వచ్చేది కాబట్టి వీరులపాడు అక్క. బీయే చదివి, డీటీపీ సెంటర్లో పెళ్ళిపత్రికలు కొట్టి, ఫోన్లో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ఆవిణ్ణి పెట్టుకున్నది మాత్రం టైపింగుకే. మిరప తోటల్లో పాతిన తేమ మీటర్ల లెక్కలు నేరుగా క్లౌడుకి, అంటే ఎక్కడో దూరాన మేం అద్దెకి వాడుకునే కంప్యూటర్లకి, చేరేవి. వాటిలో చెత్త ఏరేసి, ఏ రైతు నీళ్ళు పెట్టాలో, ఎవరు ఆగాలో ఫోన్లకి సందేశాలు పంపడం మా పని. ఆ ఏడు ఎవరి పుణ్యమో గానీ సీజను మొదలు నుంచి వచ్చిన లెక్కలన్నీ ఒకే ఒక్క కొండంత ఫైలుగా తయారయ్యాయి. శనివారం పొద్దున్నకి సందేశాలు వెళ్ళకపోతే నందిగామ ఆఫీసు ఎత్తేస్తామని హైదరాబాద్ సారు ఫోన్లో చెప్పారు. మెల్లగా చెప్పారు, అందుకే నిజమని అర్థమైంది.

ఇలాంటి పనికి యూజర్ డిఫైన్డ్ ఫంక్షన్ అని ఒకటుంటుంది. మనకి కావలసిన పద్ధతి మనమే రాసి క్లౌడుకి అప్పగిస్తే, ఫైలు ఉన్నచోటే అది పని కానిచ్చేస్తుంది. ఒక్క రోజులో రాసి పారేశాను. చిన్న ఫైలు మీద పెడితే ముత్యంలా నడిచింది. పెద్ద ఫైలు మీద పెడితే సగంలో చచ్చి, మెమొరీ చాలలేదని చెప్పింది. తప్పు నాది కావడానికి వీల్లేదు కనుక కరెంటుదన్నాను, తర్వాత నెట్టుదన్నాను. కేబులతన్ని పిలిచి రెండుసార్లు వైరు మార్పించాను. రెండోసారి అతను నిచ్చెన మీంచే, ఫైలు మీ కంప్యూటర్లో ఉందా మేడమ్ అని అడిగాడు. క్లౌడులో ఉందన్నాను. పని కూడా అక్కడే జరుగుతుందా అన్నాడు. అక్కడేనన్నాను. "మరి మా వైరేం చేసిందండీ?" అన్నాడు. (అతనికి పావుగంట క్లాసు పీకాను. ఆ క్లాసులో ఒక్క ముక్క కూడా నిజం కాదు.)

అక్కడితో వైరుని వదిలేసి మెషీను మీద పడ్డాను. సారుతో వాదించి క్లౌడులోనే రెండింతల పెద్ద మెషీను అద్దెకి తీయించాను, కాస్త ఆగి చచ్చింది. దానికి రెండింతలది తీయించాను, ఇంకాస్త ఆగి చచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి సారు గొంతు మరీ మెల్లగా అయిపోయింది. అప్పుడు అక్క క్యారేజీ మూత తీస్తూ అడిగింది.

"ఏవమ్మాయ్, నీ ఫంక్షను ముందుగాలే ఫైలంతా మెమొరీలోకి తెచ్చేసుకుంటందా?"

"తెచ్చుకోకుండా ఎట్టా చదువుద్దక్కా?"

"కల్లంలో మిరపకాయలు ఎంత కుప్పున్నా మేం ముందుకి గుప్పెడే లాక్కుంటాం. తాలుకాయ అటు, మంచికాయ ఇటు, మళ్ళీ గుప్పెడు. కుప్పంతా ఒళ్ళో పోసుకుని ఎవరేరతారు?"

నేను ఊరుకుంటానా? ప్రతి లెక్కనీ దాని ముందు లెక్కతో పోల్చాలని, అన్నీ కళ్ళ ముందు లేకపోతే కుదరదని, ఇది మిరపకాయలు కాదని దులిపేశాను. ఆవిడ గోంగూర అన్నం నిదానంగా తిని, పోల్చేది ముందుదానితోనే అయితే ఆ ఒక్కదాన్నీ చేతిలో ఉంచుకుని మిగతావి వదిలెయ్యమంది. ఆ మాట సబబుగానే తోచింది. తోచింది కాబట్టి ఇంకో గంట వాదించాను. తర్వాత ఆవిడ కాఫీకి దిగినప్పుడు, ఎవరూ చూడకుండా, ఫైలుని ఒక్కో వరసగా చదివేలా మార్చాను. చాలాసేపు నడిచి అదీ చచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. ఉద్యోగం పోతే పోయింది, మాట నెగ్గింది కదా. చూడక్కా నీ గుప్పెడు అని పిలిచి మరీ చూపించాను.

ఆవిడ స్క్రీనుకి దగ్గరగా వంగి చదివింది. "ఏరిన కాయలన్నీ ఒళ్ళోనే పెట్టుక్కూర్చున్నావు. ఏరింది ఏరినట్టు గంపలో వెయ్యవా?"

నిజమే. శుభ్రం చేసిన వరసలన్నీ చివర్లో ఒకేసారి అప్పగిద్దామని పోగేసి పెట్టాను. ఒక్కో వరస తయారవగానే బయటికి పంపేలా రెండు లైన్లు మార్చాం. పెద్ద మెషీను మీద పెడదామని నేను, అన్నిటికన్నా చిన్నదాని మీద పెట్టమని ఆవిడ. ఆ ఒక్కసారికీ నేను వాదించలేదు, ఓపిక లేక. జగ్గయ్యపేట బస్సు టైమయ్యేలోపు, ఆ బక్క మెషీను మీద, ఫైలు మొత్తం పూర్తయింది. శనివారం పొద్దున్నే సందేశాలు వెళ్ళాయి.

సారు ఫోను చేసి, ఆఫీసు ఉంటుందని చెప్పి, ఇది నువ్వు తప్ప ఎవరు చేస్తారమ్మా అన్నారు. థాంక్యూ సార్ అనేస్తే అయిపోయేది. అక్క తన బల్ల దగ్గర ఏమీ ఎరగనట్టు టైపు చేసుకుంటోంది. "నేను రాసిందల్లా చచ్చింది సార్. బతికించింది అక్క," అన్నాను. ఆయన అది నా వినయమనుకున్నారు. (పుట్టి బుద్ధెరిగాక ఆ నింద నా మీద ఎవరూ వెయ్యలేదు.) దాంతో నాకు ఒళ్ళు మండి, తప్పు నాదేనని, వైరు మార్పించడంతో సహా, అరగంట సేపు వాదించి ఒప్పించాను. టైపింగు మాన్పించి ఆవిడకి నాతో సమానంగా ప్రోగ్రామరు పని ఇచ్చేదాకా ఫోను పెట్టనివ్వలేదు. నేను నెగ్గిన వాదనలు లెక్కలేనన్ని, గుర్తు చేసుకుని గర్వపడేది మాత్రం ఆ ఒక్కటే.

ఆ ఫంక్షను ఇప్పటికీ నడుస్తోంది. రాసినవారి పేరు దగ్గర అక్క పేరు నేనే టైపు చేశాను. దాని కింద నా పేరు కూడా పెట్టుకున్నాననుకోండి. ఆ వయసులో, ఒక్క వారంలో, అంతకన్నా మంచిదాన్ని కావడం నా వల్ల కాలేదు.