లావణ్య జుట్టు కోసం కోరుట్ల మీదుగా సిరిసిల్లకు

2011 సెప్టెంబరు, సోమవారం. కరెంటు పోకముందే నీళ్లు పట్టాను, పిండి రుబ్బాను, రెండు క్యారేజీలు సర్దాను, రాత్రికి చారు కాచి మూతపెట్టాను. ఏడింటికి జగిత్యాలలో ఇంటి నుంచి బయలుదేరాను. సిరిసిల్లలో మా చెల్లెలు పద్మ కూతురు లావణ్య నెలరోజులు టైఫాయిడ్‌తో మంచం పట్టింది. దువ్వక జుట్టంతా జడలు కట్టింది. అది ఎల్లమ్మ తల మీదికి వచ్చిన గుర్తని పద్మ అత్త పట్టు. రేపు గుడికి తీసుకెళ్లి పిల్లను అమ్మవారి పేర జోగినిగా విడిచిపెడతారట. దానికి పన్నెండేళ్లు. ఆ పేరు పడితే ఇక బడి ఉండదు, పెళ్లి ఉండదు.

చిక్కు విప్పడానికి అవిసె గింజల జిగురును మించింది నాకు తెలియదు. జగిత్యాలలో గింజలు దొరకలేదు, కోరుట్లలో ఒక పాత కిరాణాలో ఉంటాయన్నారు. తెలంగాణ సమ్మెతో బస్సులు లేవు. షేర్ ఆటోకు ఎప్పుడూ ఇరవై అయిదు రూపాయలు, ఆ రోజు నలభై. దుకాణం చాచా గింజలు తూస్తూ, "అర్ధకిలోనా? కారప్పొడికా అమ్మా?" అన్నాడు.

"తలకు చాచా."

"అరే, ఎంతమంది తలలకు?"

"ఒక్క పిల్లకే" అని సంగతి చెప్పాను. నవ్వు ఆపి ఇంకో గుప్పెడు పోశాడు.

అక్కడి నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా జీపులో వేములవాడకు అరవై. రుద్రంగి దగ్గర సమ్మె వాళ్లు దారికి అడ్డంగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

"జై తెలంగాణ అను అక్కా, తొవ్వ ఇడుస్తరు" అన్నాడు డ్రైవర్.

అన్నాను. అన్నం పెట్టారు గానీ, దారి మాత్రం రెండింటికి గానీ వదల్లేదు.

వేములవాడలో ఆటో ఎక్కి సిరిసిల్ల చేరేసరికి నాలుగు. కరెంటు లేక మరమగ్గాల సాంచాలు ఆగి, వాడంతా చావు ఇంటిలా ఉంది. గింజలు ఉడికించి వడకట్టాను. పద్మ అత్త గడపలో అడ్డం కూర్చుంది.

"ముట్టకు బిడ్డా. అమ్మవారు కూసున్న తల అది."

"జెరమొచ్చి పండుకున్న తల అత్తమ్మా. దువ్వక చిక్కువడ్డది, గంతే" అన్నాను.

పద్మ వెనక తలుపు నుంచి కూతురిని పెరట్లోకి తీసుకొచ్చింది. జిగురు పట్టించి, కొసల నుంచి పైకి ఒక్కొక్క పాయా వేళ్లతో విప్పాం. చిక్కు వీడింది. దాంతోపాటు సగం జుట్టూ చేతిలోకి వచ్చేసింది.

"పెద్దమ్మా, అన్నీ పోతున్నయా?"

"మల్ల వస్తయి బిడ్డా."

"అమ్మ అడిగింది ఇయ్యకపోతే బాకీ పడ్తం" అంది వెనకే వచ్చి కూర్చున్న ముసలామె. పద్మ ఊడిన వెంట్రుకలన్నీ పసుపు గుడ్డలో మూటకట్టి అత్త ఒళ్లో పెట్టింది.

"అమ్మకు ఇయ్యనీకి మన దగ్గర గిదే ఉన్నది అత్తమ్మా. పిల్లను ఇయ్యను."

తిరిగి వస్తుంటే మనసుకు సంతోషం లేదు. లావణ్య అద్దం అడగలేదు. అదే ఆలోచిస్తూ వచ్చాను. ఇలాంటి పని మీద వెళ్లేవారు జిగురును వేడి మీదే పల్చటి గుడ్డలో పిండండి, చల్లారితే దిగదు. మంగళవారం పద్మ అత్త ఒక్కతే గుడికి వెళ్లి, ఆ మూట అక్కడ పెట్టి వచ్చిందని పద్మ ఫోన్‌లో చెప్పింది. ఎల్లమ్మ బాకీ చెల్లు.