తార్నాకలో దంచిన ఆకు

పంతొమ్మిది వందల అరవయ్యెనిమిదిలో, వదులైన కట్టుడు పళ్లు మార్పించుకుందామని బాపట్ల నుంచి తార్నాక దాకా వెళ్లాను. పళ్ల డాక్టరు దవడ నొక్కి చూసి పెదవి విరిచాడు.

"ఎముక అరిగిపోయిందమ్మా, ఏ సెట్టూ నిలవదు. విదేశాల్లో ఎముకలోకే పళ్లు దించుతున్నరట. దానికైనా ఎముక ఉండాలె గదా."

పాత సెట్టు పారేయబుద్ధి కాక కొంగున ముడేసుకుని, ఆ పక్కనే ఉన్న యూనివర్సిటీ లోపల ఓ అరుగు మీద కూలబడ్డాను. అక్కడ ఊడ్చే ముసలామె పక్కన కూర్చుని సంగతి అడిగింది. చెప్పాను.

"నాకు ఒక్క పన్ను లేదక్కా! ఏడిస్తే మొలుస్తయా ఏంది?" అని నవ్వి, సంచిలోంచి చిన్న ఇనుప రోలు తీసి ఆకూ వక్కా దంచింది.

పరాయి చేతి తాంబూలం నేనెన్నడూ పుచ్చుకుని ఎరగను. ఆ రోజు చెయ్యి చాచాను.

నమలాల్సిందంతా రోలే నమిలేసింది. మింగడం తప్ప నా నోటికి పనేమీ మిగల్లేదు.