చేపలా పరుగెత్తిన మా పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా చర్చిలో కోతల పండుగ వస్తోందంటే చాలు, నాకు దిగులు మొదలయ్యేది. ఆ ఆదివారం ఎవరు పండించింది వాళ్లు, ఎవరు పెంచింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. పొలాలున్నవాళ్లు బస్తాలు తెచ్చేవాళ్లు. పెరడున్నవాళ్లు అరటి గెలలు, కోళ్లు తెచ్చేవాళ్లు. మారేడ్‌పల్లిలో రెండు గదుల అద్దె వాటాలో ఉండే మేము ఏం పండిస్తాం? ఏటా మా అమ్మ బజారు నుంచి ఒక గుమ్మడికాయ కొనుక్కొచ్చి, శుభ్రంగా తుడిచి, రిబ్బను కట్టి పంపేది. మీది కొన్న గుమ్మడికాయే కదా అని సండే స్కూలు పిల్లలు ఆటపట్టించేవాళ్లు. నాకప్పుడు ముక్కు మీదే ఉండేది కోపం. ఇప్పుడు లేదని కాదు. ఒక ఆదివారం ఉండబట్టలేక, ఈసారి నా చేత్తో పట్టిన చేప తెస్తానని అందరి ముందూ అనేశాను. అప్పటికి నేను చేపను కంచంలో తప్ప ముట్టుకుని ఎరగను.

అంత ధైర్యం మా పెద్దమ్మను చూసుకునే వచ్చింది. ఆవిడ ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. ఆవిడ వరండాలో నడిచి వెళ్తుంటే పక్క క్లాసుల్లో కూడా గుసగుసలు ఆగిపోయేవని చెప్పుకునేవాళ్లు. ఆ రోజుల్లో కంటోన్మెంటులో ఆఫీసర్లకు బదిలీ అయితే సామానంతా ఇంటి ముందు పరిచి వేలం వేసేవాళ్లు. కార్ఖానాలో అలాంటి ఒక వేలానికి, రాత బల్ల కొందామని వెళ్లిన పెద్దమ్మ, బల్లకు బదులు దారపు చక్రమున్న సన్నటి గాలం కర్ర పట్టుకొచ్చింది. ఆ గాలానికి వానపాము గుచ్చరు. కొక్కేనికి ఈకలు చుట్టి పురుగులా చేసి, దారాన్ని కొరడాలా గాలిలో ఆడించి, ఆ ఈకపురుగును నీటి మీద మెల్లగా వాలేలా విసరాలి. పెద్దమ్మ వాకిట్లో సుద్దముక్కతో సున్నా గీసి, ఈక అందులో పడేదాకా సాయంత్రాలన్నీ విసిరి విసిరి నేర్చుకుంది.

"ఏంది టీచరమ్మా, గాలిల చేపలు వడుతున్నరా?" అని పక్కింటి అవ్వ గోడ మీద నుంచి నవ్వేది. నవ్వుతూనే తన కోళ్ల ఈకలు ఏరి ఇచ్చేది.

నా ప్రగల్భం సంగతి విని పెద్దమ్మ తిట్టలేదు. పండుగ ఇంకా కొన్ని వారాలుందనగా నన్ను బొల్లారం వైపు ఒక చెరువుకు తీసుకెళ్లి కర్ర నా చేతికిచ్చింది. నా అదృష్టం, మొదటి రోజే గాలానికి చేప పడింది. గట్టు మీద మగపిల్లలు వెదురు గాలంతో ఎలా చేస్తారో చూశాను కదా, నేనూ అదే చేశాను. రెండు చేతులతో భుజం మీదుగా వెనక్కి ఒక్క గుంజు గుంజాను. వెదురు గాలమైతే చేప వెనక గట్టు మీద పడేది. ఇక్కడ వెంట్రుకంత దారం టప్పున తెగింది. చేపా పోయింది, పెద్దమ్మ కష్టపడి చుట్టిన ఈకపురుగూ పోయింది. బస్సులో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

సోమవారం బడి నుంచి రాగానే ఆవిడ కొంగు నడుముకు బిగించి, దారం కొస తన చేతికి చుట్టుకుంది. "ఇప్పుడు నేనే చేపను. పట్టు చూద్దాం" అంది.

ముందు రవ్వ అనే చేప అయింది. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున పరుగెత్తింది. రవ్వ దూరం పారిపోతుందనీ, పోనివ్వాలనీ, అలిసి ఆగినప్పుడే దారం చుట్టుకోవాలనీ చెప్పింది. తర్వాత బొచ్చె అయింది. వెళ్లి బట్టలుతికే బండ మీద కూర్చుని తల అడ్డంగా ఊపుతూ కదలనని మొరాయించింది. బొచ్చెతో తొందరపడితే లాభం లేదట, పట్టు సడలకుండా ఓపిగ్గా ఉండాలట. ఆఖరికి కొర్రమీను అయి, చటుక్కున బొప్పాయి చెట్టు వెనక్కి దూరి దారాన్ని మానుకు చుట్టేసింది. కొర్రమీను దొంగది. దగ్గరున్న నాచులోకి దూరాలని చూస్తుంది. దానికి మాత్రం జానెడు దారం కూడా వదలకూడదు.

అదే సమయానికి ఆవిడ శిష్యురాళ్లు ఇద్దరు వీధిలో పోతూ గేటు దగ్గర నోరు తెరుచుకుని నిలబడిపోయారు. పెద్దమ్మ రొప్పుతూనే రేపు హోంవర్కు చూస్తానని వాళ్లకు చెప్పి, మళ్లీ చేపైపోయింది.

"అయ్యో, టీచరమ్మకు ఏమైందే! జెర ఎవరన్న చూడుండ్రి" అని అవ్వ కేకలు పెట్టింది. సంగతి తెలిశాక గోడకు ఆనుకుని తానే రోజూ తమాషా చూసేది.

కొన్నాళ్లకు పెద్దమ్మ నా కళ్లకు తువ్వాలు కట్టి, లాగుడును బట్టి ఏ చేపో చెప్పమనేది. మొదట్లో అన్నీ తప్పులే. పండుగ దగ్గరపడేసరికి నా చేతికి తెలిసిపోయేది.

పండుగ ముందు రోజు శనివారం మళ్లీ అదే చెరువుకు వెళ్లాం. పొద్దంతా విసిరినా ఒక్క చేప కూడా ముట్టలేదు. ఎండ వాలింది, ఇక బస్సు వేళయింది. రేపు మళ్లీ ఆ రిబ్బను గుమ్మడికాయ మోయాల్సిందే అనుకున్నాను. ఆఖరుసారి విసిరాను. నాచు పక్కన నీళ్లు ఒక్కసారిగా ఎగిసి, కర్ర విల్లులా వంగింది.

"కొర్రమీను! దారం వదలకు, నాచులోకి పోతుంది!" అని పెద్దమ్మ అరిచింది.

కానీ నా చేతిలో ఉన్న లాగుడు అది కాదు. చాటుకు దూరాలని చూసే లాగుడు కాదది, దూరంగా పోవాలని చూసే లాగుడు. "కాదు పెద్దమ్మా, ఇది రవ్వ!" అని దారం వదిలేశాను.

మా పెద్దమ్మకు జవాబు తప్పని చెప్పిన మనిషి అప్పటికి సికింద్రాబాదులో లేరు. ఆవిడ ఏదో అనబోయి నోరు మూసుకుంది. ముందుకు చాచిన చెయ్యి కూడా వెనక్కి తీసుకుంది. చక్రం గిర్రున తిరిగింది. చేప నాచు పక్క నుంచే దూసుకుపోయి చెరువు నడిమికి పరుగెత్తింది. రవ్వే! అది ఆగినప్పుడల్లా చుట్టాను, పరుగెత్తినప్పుడల్లా వదిలాను. చేతులు లాగేస్తున్నా ఎవరినీ పట్టుకోమనలేదు. చివరికి అది అలిసి పక్కకు ఒరిగి, ఎర్రటి రెక్కలతో ఒడ్డు దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ చెప్పులతోనే మోకాలి లోతు నీళ్లలోకి దిగి బుట్టతో ఎత్తింది. ఇద్దరం గట్టు మీద పిచ్చివాళ్లలా ఎగిరాం. అంత సంతోషం మళ్లీ నా పెళ్లిలో కూడా పడలేదు, మా ఆయన వింటే ఏమనుకున్నా సరే.

రాత్రంతా ఐసులో ఉంచి, పొద్దున అరిటాకులో పెట్టి చర్చికి మోసుకెళ్లాం. పాస్టరు అయ్యగారు ముచ్చటపడి, ఇది ఎవరి చేతి కష్టమని అడిగారు. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ కదలకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. నేనే లేచి, "నేను పట్టానండీ" అన్నాను. ఆ మాట చర్చి మొత్తానికీ వినిపించింది.

మొన్న మా మనవరాలు ఫోనులో ఎవరో ఈకపురుగులు విసురుతుంటే చూసి, నీకిది వచ్చా అమ్మమ్మా అని అడిగింది. వచ్చని కాస్త గర్వంగానే చెప్పాను. కానీ ఆ రోజు నుంచి నా వెంట ఉన్నది గాలం విద్య ఒక్కటే కాదు. పిల్లలు నేను చెప్పినదానికి అడ్డం చెప్పినప్పుడు నాకు ఇప్పటికీ నోరు ముందు తెరుచుకుంటుంది. అప్పుడు దారం వాళ్ల చేతిలో ఉందా, నా చేతిలో ఉందా అని ఒకసారి చూసుకుంటాను. వాళ్ల చేతిలో ఉంటే నోరు మూసుకుంటాను. మా పెద్దమ్మ నోరు మూసుకున్న ఆ కాసేపట్లోనే నేను పెద్దదాన్నయ్యాను.