ఫొటోలో వెనక ఉన్న ఆమె

ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం కూర్చుని సెల్ఫీ తీసుకుని, స్టేషన్ పేరుతో సహా సోషల్ మీడియాలో పెట్టాను. వెనక బెంచీ మీదున్న ఆమె నా ఫోన్లోకి తొంగిచూసి, నా మణికట్టు మెలిపెట్టింది.

"నీ ఎనకాల నానున్నాను. ఆ ఫొటో తీసీయ్ ముందు!"

ముసుగు జరిపింది. చెవి నుంచి గడ్డం దాకా కత్తిగాటు, ఇంకా ఎర్రగా ఉంది.

"మా సెల్లి ఇలాగే నన్ను ఫొటోలో పెట్టింది. అది సూసి నా మొగుడు రాజాం బస్టాండుకొచ్చి కోసీసినాడు. ఈపాలి పీకే కోస్తాడు. నీది ఎవులు సూస్తారే?"

"మనవాళ్లేనండీ," అన్నాను, ఫొటో తీసేసి. ప్రొఫైల్లో మన జిల్లా ఊరి పేరు కనిపిస్తే చాలు, ఫ్రెండ్ రిక్వెస్ట్ ఎవరు పెట్టినా చేర్చుకునేదాన్ని.

"ఆడూ మనోడేనే, పిల్లా."

అంటూనే, ఎదురుగా అప్పుడే కదులుతున్న వేరే రైలెక్కేసింది.

ఆ రైలు ఎటు వెళ్లేదో నాకు తెలుసు. డైరీలో కూడా రాసుకోలేదు.