నీదే గెలుపు తల్లీ

చంపాపేట్‌లో మేమున్న అపార్ట్‌మెంట్‌కు ఆయన వాచ్‌మన్. నల్లగొండ వైపు ఊళ్లో ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించేవాడట.

మా పర్షియన్ పిల్లికి పొట్ట కింద జుట్టు అట్టకట్టింది. దువ్వెన కనిపిస్తే చాలు, మీదపడి రక్కేది. మత్తిచ్చి మొత్తం తీసేయాల్సిందేనని డాక్టరు అన్నాడు. ముసలి పిల్లి, ఆ మత్తు తట్టుకుంటుందో లేదోనని నా భయం.

సంగతి విని ఆయన మా గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దాన్ని ఒళ్లోకి తీసుకుని, వేళ్లతోనే చిక్కు విడదీయసాగాడు. అది గుర్రుమనగానే చెయ్యి తీసేసి, "సరే తల్లీ, నీదే గెలుపు" అనేవాడు.

"ఇలా వదిలేస్తుంటే ఎప్పటికవుతుందండీ?" అన్నాను.

"జర ఆగున్రి మేడం. గుంజితె రేపు దగ్గరికే రానియ్యది. మనకేం తొందరున్నది?"

రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. కొన్నిరోజులు ఒక్క చిక్కు కూడా వచ్చేది కాదు. తొమ్మిదో రోజున చివరి ఉండ ఊడి ఆయన చేతిలోకొచ్చింది. పిల్లి ఒళ్లు విరుచుకుని, పొట్ట పైకి పెట్టి, ఆయన ఒళ్లోనే నిద్రపోయింది.

అంతలో గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఆయన లేవబోయి ఆగిపోయాడు.

"గిప్పుడే పండుకున్నది మేడం. ఎట్ల లేవాలె?"

నేనే వెళ్లి గేటు తీశాను.